పవిత్రభూమి (పాలస్తీనా – ఇజ్రాయెల్)

మధ్యధరా సముద్రతీరానికీ యొర్దాను నదికీ నడుమ ఉన్న దేశభాగం. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురికీ ఇది పూజ్యమైన నేల. ఉత్తరాన గలిలయ కొండలు, దక్షిణాన నెగెవ్ ఎడారి, నడుమ యూదయ పీఠభూమి, పడమట సారవంతమైన తీరమైదానం దీని ముఖ్య భాగాలు. బ్రిటిష్ పాలన నాటి హద్దుల ప్రకారం విస్తీర్ణం సుమారు 27,000 చదరపు కిలోమీటర్లు. అంటే ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు. ఇంత చిన్న నేల కోసం మూడు వేల ఏళ్లుగా జరిగిన పోరాటాల ప్రభావం సుదూర దేశాల మీదా పడింది. హైదరాబాదు సంస్థానం సైన్యం ఇక్కడి యుద్ధరంగంలో నిలిచింది, నిజాము ధనం ఇక్కడి మసీదు మరమ్మతుకు వెళ్లింది, తెలుగువాడైన ఒక ప్రధానమంత్రి ఈ ప్రాంతంతో భారతదేశ సంబంధాలను మలుపు తిప్పాడు.

పేర్లు

ఈ నేలకు తొలి పేరు కనాను. ఇశ్రాయేలు అన్న పేరు బైబిలుకు వెలుపల మొదటిసారి ఈజిప్టు రాజు మెర్నెప్తా వేయించిన విజయశాసనంలో (క్రీ.పూ. 1208 ప్రాంతం) కనిపిస్తుంది. తీరమైదానంలో స్థిరపడిన ఫిలిష్తీయుల పేరు నుంచి పాలస్తీనా అన్న మాట పుట్టింది. యూదుల తిరుగుబాటును అణచిన తరువాత రోమన్లు క్రీ.శ. 135 ప్రాంతంలో యూదయ రాష్ట్రానికి సిరియా పాలస్తీనా అని పేరు మార్చారు. ముఖ్య నగరాన్ని తెలుగు బైబిలు యెరూషలేము అంటుంది, పత్రికలు జెరూసలేం అని రాస్తాయి. ఉర్దూ మాట్లాడే ముస్లింలు బైతుల్ ముఖద్దస్ అంటారు. అరబ్బులకు అది అల్ ఖుద్స్. తెలుగు క్రైస్తవుల వాడుకలో ఈ దేశం మొత్తం పరిశుద్ధ దేశం.

ముగ్గురికీ పవిత్రం కావడానికి కారణాలు

సొలొమోను కట్టించిన దేవాలయం నిలిచిన కొండ యూదులకు పరమ పవిత్రం. ఆ కొండకు పడమట మిగిలిన పాత ప్రాకారపు గోడ వద్ద వారు ప్రార్థిస్తారు. క్రైస్తవులకు యేసు జన్మించిన బేత్లెహేము, పెరిగిన నజరేతు, సిలువ వేయబడి పునరుత్థానుడైన జెరూసలేం ముఖ్యం. నమాజు దిశ మక్కా వైపు మారకముందు ముస్లింలు జెరూసలేం వైపు తిరిగి నమాజు చేసేవారు. ముహమ్మద్ ప్రవక్త రాత్రి ప్రయాణం, స్వర్గారోహణ ఇక్కడి నుంచే జరిగాయని వారి విశ్వాసం. యూదుల దేవాలయం నిలిచిన కొండ మీదే నేడు అల్ అఖ్సా మసీదు, బంగారు గుమ్మటం ఉన్నాయి. అక్కడి నుంచి అర కిలోమీటరు దూరంలో యేసు సమాధిపై కట్టిన చర్చి ఉంది. ప్రాకారాల లోపలి పాత నగరం మొత్తం ఒక చదరపు కిలోమీటరుకు మించదు.

ప్రాచీన కాలం

క్రీ.పూ. 1000 ప్రాంతంలో దావీదు జెరూసలేంను రాజధాని చేసుకున్నాడని, అతని కుమారుడు సొలొమోను మొదటి దేవాలయం కట్టించాడని బైబిలు చెబుతుంది. తరువాత రాజ్యం రెండుగా చీలింది. ఉత్తర రాజ్యాన్ని అష్షూరీయులు క్రీ.పూ. 722లోనూ, దక్షిణాన యూదా రాజ్యాన్ని బబులోను రాజు నెబుకద్నెజరు క్రీ.పూ. 586లోనూ జయించారు. దేవాలయం కాలిపోయింది, ప్రజలు చెరలోకి పోయారు. పారసీక చక్రవర్తి కోరెషు దయతో తిరిగివచ్చినవారు రెండో దేవాలయం నిర్మించారు. హేరోదు రాజు దాన్ని వైభవంగా పునర్నిర్మించాడు. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ దాన్ని నేలమట్టం చేశాడు. క్రీ.శ. 132–135 నాటి బార్ కొక్బా తిరుగుబాటు ఓడిపోయిన తరువాత యూదులకు జెరూసలేం ప్రవేశం నిషిద్ధమైంది. అప్పటి నుంచి ప్రపంచమంతటా చెదిరిన యూదులు తమ ప్రార్థనల్లో ఆ నగరాన్ని తలచుకుంటూనే వచ్చారు. ఈ దీర్ఘ స్మృతి తరువాతి చరిత్రకు మూలం.

క్రైస్తవ, ముస్లిం పాలనలు

రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రైస్తవాన్ని ఆదరించాక యేసు సమాధి స్థలంలో కట్టించిన చర్చి 335లో ప్రతిష్ఠ అయింది. అరబ్బు సేనలు 638 ప్రాంతంలో నగరాన్ని ముట్టడించినప్పుడు పేట్రియార్క్ సొఫ్రోనియస్ ఖలీఫా ఉమర్‌కు లొంగిపోయాడు. క్రైస్తవుల ప్రాణాలకు, ఆస్తులకు, చర్చిలకు ఉమర్ అభయమిచ్చాడు. చర్చిలో నమాజు చేయమని కోరితే ఆయన నిరాకరించాడని ఒక ప్రసిద్ధ కథ ఉంది. తాను అక్కడ నమాజు చేస్తే తరువాతివారు దాన్ని మసీదు చేసుకుంటారని ఆయన అన్నాడట. ఉమవీ ఖలీఫా అబ్దుల్ మలిక్ కట్టించిన బంగారు గుమ్మటం 691–692లో పూర్తయింది.

ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ 1009లో సమాధి చర్చిని కూల్పించాడు. 1099 జులై 15న క్రూసేడు సేనలు నగరంలో ప్రవేశించి ముస్లింలను, యూదులను ఊచకోత కోశాయి. 1187 జులైలో హత్తిన్ వద్ద క్రూసేడు సైన్యాన్ని ఓడించిన సలాహుద్దీన్ అక్టోబరు 2న జెరూసలేం పుచ్చుకున్నాడు. ఆయన ఊచకోతకు బదులు పరిహారం చెల్లించిన క్రైస్తవులను వెళ్లనిచ్చాడు. మూడు మతాల చరిత్రకారులూ మెచ్చిన ఔదార్యం ఇది. 1291లో అక్కా పతనంతో క్రూసేడు రాజ్యం ముగిసింది.

సుమారు 1200 ప్రాంతంలో పంజాబు సూఫీ బాబా ఫరీద్ ఇక్కడికి వచ్చి తపస్సు చేశాడని జనశ్రుతి. ఆయన బస చేసిన చోట వెలసిన హిందుస్థానీ ధర్మసత్రం (అజ్జావియా అల్ హిందియా) పాత నగరంలో హేరోదు ద్వారం దగ్గర నేటికీ ఉంది.

మమ్లూకుల పాలన, 1516లో మొదలైన ఆటోమన్ తురుష్కుల పాలన కలిపి ఆరున్నర శతాబ్దాలు సాగాయి. నేడు కనిపించే నగర ప్రాకారాలు సుల్తాన్ సులేమాన్ 1537–1541లో కట్టించినవి.

తాళంచెవుల ఏర్పాటు

సమాధి చర్చిలో గ్రీకు ఆర్థడాక్స్, రోమన్ కాథలిక్, ఆర్మీనియన్, కాప్టిక్, సిరియన్, ఇథియోపియన్ శాఖలకు వేర్వేరు హక్కులున్నాయి. ఏ దీపం ఎవరు వెలిగించాలి, ఏ మెట్టు ఎవరు ఊడవాలి అన్నంత వరకు తగవులు వచ్చేవి. యథాతథ స్థితిని పాటించాలని సుల్తాన్ 1852లో ఫర్మానా ఇచ్చాడు. పవిత్ర స్థలాలపై ఫ్రాన్సు, రష్యాల పోటీ 1853–1856 నాటి క్రిమియా యుద్ధానికి ఒక కారణం. చర్చి ముఖద్వారం పైన కిటికీ దగ్గరున్న చిన్న కొయ్య నిచ్చెనను సైతం అందరి సమ్మతి లేనిదే ఏ శాఖా కదపడానికి వీల్లేదు. ఆ ద్వారం తాళంచెవిని కాపాడేది, తలుపు తెరిచేది మాత్రం తరతరాలుగా జూదే, నుసైబే అనే రెండు ముస్లిం కుటుంబాలు. పొరుగు మతస్థుడిని తీర్పరిగా నమ్మిన ఈ ఏర్పాటు పవిత్రభూమి చరిత్రలో అరుదైన, ఆదర్శప్రాయమైన ఘట్టం.

సియోనిజం, మొదటి ప్రపంచయుద్ధం

రష్యాలో యూదులపై దాడులు పెరగడంతో 1882 నుంచి పాలస్తీనాకు వారి వలసలు ఊపందుకున్నాయి. వియన్నా పత్రికా రచయిత థియోడర్ హెర్జల్ 1896లో యూదు రాజ్యం అవసరమని గ్రంథం రాశాడు. 1897లో బాసెల్ నగరంలో ఈ ఆశయంతో తొలి సియోనిస్టు మహాసభ జరిగింది. అదే కాలంలో అరబ్బుల్లోనూ జాతీయభావం మేల్కొంటోంది.

యుద్ధకాలంలో బ్రిటన్ పరస్పరం పొసగని మాటలిచ్చింది. 1915–1916లో మక్కా షరీఫు హుస్సేన్‌కు అరబ్బు స్వాతంత్ర్యం గురించి ఉత్తరాలు రాసింది. 1916లో ఫ్రాన్సుతో రహస్యంగా సైక్స్–పికో ఒప్పందం చేసుకుంది. 1917 నవంబరు 2న విదేశాంగమంత్రి బాల్ఫర్ ప్రకటన ద్వారా పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పరచడానికి తోడ్పడతానంది. అక్కడున్న యూదేతర ప్రజల పౌర, మత హక్కులకు భంగం కలగరాదని అదే ప్రకటనలో ఉన్నా, వారి రాజకీయ హక్కుల ప్రస్తావన లేదు. తరువాతి వివాదమంతా ఈ లోపం చుట్టూనే తిరిగింది.

1917 డిసెంబరు 9న జెరూసలేం బ్రిటిష్ సేనకు లొంగిపోయింది. 11న జనరల్ అలెన్‌బీ యాఫా ద్వారం గుండా కాలినడకన ప్రవేశించాడు. 1918 నాటికి అతని సేనలో భారతీయుల సంఖ్య బాగా పెరిగింది. వారిలో హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల ఆశ్వికదళాలు కూడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడు ఒకటి. అంతకుముందు ఈ బ్రిగేడు సూయెజ్ కాలువను కాపలా కాసింది. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు రౌతులు ఈటెలు, కత్తులు పట్టి మరతుపాకుల ఎదుట గుర్రాలను ఉరికించి హైఫా రేవును పట్టుకున్నారు. మేజర్ దల్పత్ సింగ్ ఆ దాడిలో నేలకొరిగాడు. మూడు సంస్థానాల వీరుల స్మృతిగా ఢిల్లీలో నిలిపిన మూడు కంచు విగ్రహాల వల్లే ఆ కూడలికి తీన్‌మూర్తి అన్న పేరు వచ్చింది. 2018లో దాన్ని తీన్‌మూర్తి హైఫా చౌక్‌గా మార్చారు. హైఫాలోనూ జెరూసలేంలోనూ భారత సైనికుల సమాధి స్థలాలున్నాయి.

బ్రిటిష్ మాండేట్ (1920–1948)

1920 ఏప్రిల్‌లో శాన్ రెమో సమావేశం పాలస్తీనాను బ్రిటన్‌కు అప్పగించింది. నానాజాతి సమితి 1922 జులై 24న మాండేట్‌ను ఆమోదించింది. 1922 జనగణన ప్రకారం జనాభా సుమారు 7,57,000. వారిలో ముస్లింలు 5,90,000, యూదులు 84,000, క్రైస్తవులు 73,000.

1920 ఏప్రిల్‌లో జెరూసలేంలో, 1921 మేలో యాఫాలో అల్లర్లు జరిగాయి. 1929 ఆగస్టులో పడమటి గోడ వద్ద హక్కుల వివాదం రక్తపాతంగా మారి 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు మరణించారు. హెబ్రోనులో 67 మంది యూదులు హతులయ్యారు. అదే ఊళ్లో తమ ఇళ్లలో యూదులను దాచి కాపాడిన అరబ్బు కుటుంబాలనూ చరిత్ర గుర్తుంచుకోవాలి. జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాక వలస పెరిగింది. 1936లో అరబ్బుల సమ్మె, తిరుగుబాటు మొదలై 1939 వరకు సాగాయి. 1937 జులైలో పీల్ కమిషన్ తొలిసారి దేశ విభజనను సూచించింది. 1939 మేలో బ్రిటన్ శ్వేతపత్రం విడుదల చేసి అయిదేళ్లలో 75,000 మంది యూదులనే రానిస్తామంది. ఐరోపాలో అరవై లక్షల మంది యూదులను నాజీలు హతమార్చిన కాలంలో ఈ తలుపులు మూసుకొని ఉండటం యూదుల మనసులో మానని గాయం. 1946 జులై 22న యూదు సాయుధ దళం ఇర్గున్ జెరూసలేంలోని కింగ్ డేవిడ్ హోటల్‌ను పేల్చివేసింది. 91 మంది చనిపోయారు.

హైదరాబాదు సంస్థానం, పాలస్తీనా

పాలస్తీనాతో సహా అరేబియా పవిత్ర స్థలాలు ఖలీఫా అయిన ఆటోమన్ సుల్తాన్ ఆధీనంలోనే ఉండాలన్నది ఖిలాఫత్ ఉద్యమం కోరికల్లో ఒకటి. 1921లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగే నాటికి ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు ఒక్కటిగా సాగుతున్నాయి. ఆ విధంగా కృష్ణా తీరపు జనానికీ జెరూసలేం రాజకీయం పరిచయమైంది.

అల్ అఖ్సా మసీదు శిథిలమవుతుండగా 1920లలో తురుష్క వాస్తుశిల్పి కెమాలెద్దీన్ ఆధ్వర్యంలో మరమ్మతులు సాగాయి. పాలస్తీనా ముస్లిం మండలి చందాల కోసం 1923–1924లో ప్రతినిధి బృందాన్ని భారతదేశానికి పంపింది. ఏడో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ అందులో ముఖ్య దాత. 1931 జనవరిలో ఖిలాఫత్ నాయకుడు మౌలానా మహమ్మద్ అలీ లండన్‌లో మరణించగా భౌతికకాయాన్ని జెరూసలేంలో అల్ అఖ్సా ప్రాంగణం పక్కనే ఖననం చేశారు. అదే సంవత్సరం నవంబరులో, పదవీచ్యుతుడైన చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రు షెహ్వార్‌కు నిజాము పెద్దకొడుకు ఆజం జాతో నీస్ నగరంలో వివాహమైంది. నాలుగు శతాబ్దాలు జెరూసలేంను ఏలిన వంశపు ఆడపడుచు హైదరాబాదు కోడలైంది. పురానీ హవేలీలో ఆమె పేరున ఉన్న ఆసుపత్రి నేటికీ పేదలకు ఆసరా. 1933లో జెరూసలేం ముఫ్తీ అమీన్ అల్ హుసేనీ, ఈజిప్టు నాయకుడు అలూబా పాషాతో కలిసి ఇస్లామిక్ విశ్వవిద్యాలయ నిధికోసం భారతదేశంలో పర్యటించాడు.

జెరూసలేంలోని హిందుస్థానీ సత్రాన్ని బాగుచేయడానికి 1924లో సహారన్‌పూర్‌కు చెందిన నజీర్ హసన్ అన్సారీ వెళ్లాడు. ఆయన కుటుంబమే నేటికీ దాన్ని నడుపుతోంది.

విభజన, భారతదేశ వైఖరి

గాంధీజీ 1938 నవంబరులో హరిజన్ పత్రికలో యూదుల బాధపై సానుభూతి చూపుతూనే, పాలస్తీనా అరబ్బులదని, వారి మీద యూదులను రుద్దడం తప్పని రాశారు. 1947లో ఐక్యరాజ్యసమితి పాలస్తీనాపై నియమించిన ప్రత్యేక సంఘంలో భారత ప్రతినిధి సర్ అబ్దుర్ రహమాన్. భారతదేశం, ఇరాన్, యుగోస్లావియా విభజన వద్దని, అరబ్బులకు, యూదులకు స్వపరిపాలన ఉన్న సమాఖ్య రాజ్యం కావాలని సూచించాయి. మెజారిటీ సభ్యులు విభజనవైపే మొగ్గారు. 1947 నవంబరు 29న సాధారణ సభ 33–13 ఓట్లతో దాన్ని ఆమోదించింది. పది దేశాలు తటస్థంగా ఉన్నాయి, భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. తమ దేశ విభజన రక్తపాతాన్ని మూడు నెలల కిందటే చూసిన భారతీయులకు ఈ ప్రతిపాదన ఫలితమేమిటో తెలుసు. జెరూసలేం అంతర్జాతీయ పాలనలో ఉండాలన్న తీర్మాన భాగం ఎన్నడూ అమలు కాలేదు.

1948 మే 14న డేవిడ్ బెన్ గురియన్ ఇజ్రాయెల్ రాజ్యాన్ని ప్రకటించాడు. మరునాడే అరబ్బు దేశాల సేనలు ప్రవేశించాయి. అంతకుముందే మొదలై యుద్ధం ముగిసేదాకా ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు విడిచారు, లేదా వెళ్లగొట్టబడ్డారు. దీన్ని వారు నక్బా (మహావిపత్తు) అంటారు. తరువాతి ఏళ్లలో అరబ్బు దేశాల నుంచి లక్షల మంది యూదులు కూడా నిర్వాసితులయ్యారు. ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్‌ను యూదు తీవ్రవాదులు జెరూసలేంలో కాల్చిచంపింది 1948 సెప్టెంబరు 17న. నిజాము భారత సైన్యానికి తలవంచి హైదరాబాదు విలీనానికి దారి పడింది ఆ రోజే. సరిగ్గా రెండేళ్ల తరువాత, 1950 సెప్టెంబరు 17న, భారతదేశం ఇజ్రాయెల్‌ను గుర్తించింది.

1956 నుంచి 1967 వరకు గాజాలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో భారత సైనికులు పనిచేశారు. 1967 జూన్ యుద్ధం మొదలైన వేళ వారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఆరు రోజుల యుద్ధంలో ఇజ్రాయెల్ తూర్పు జెరూసలేంతో సహా యొర్దాను నది పశ్చిమ తీరాన్ని, గాజాను ఆక్రమించింది. భారతదేశం 1988 నవంబరులో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది.

ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు మాత్రం నాలుగు దశాబ్దాలు ఆగాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1992 జనవరి 29న అవి ఏర్పడ్డాయి. ప్రకటనకు ముందు అదే జనవరిలో పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్‌కు ఢిల్లీలో ఆతిథ్యమిచ్చారు. ఒక మిత్రుణ్ణి దూరం చేసుకోకుండా ఇంకొకరికి తలుపు తెరిచిన ఈ మెలకువ పీవీ దౌత్యనీతికి మచ్చుతునక.

తెలుగునాట పవిత్రభూమి

ఈ నేల పేర్లు పల్లెల్లోకి మిషనరీల ద్వారా వచ్చాయి. 1842లో గుంటూరులో లూథరన్ మిషన్‌ను ఫాదర్ హయ్యర్ ప్రారంభించాడు. ఒంగోలులో జాన్ క్లౌ నడిపిన బాప్టిస్టు మిషన్ 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది.  1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీల మీద యేసు జననం, సిలువ, ఆరోహణ దృశ్యాలున్నాయి. బేత్లెహేము చూడలేని రైతు కుటుంబాలు వాటిలోనే దాన్ని చూసుకున్నాయి.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తాము ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము వంశీకులమని చెప్పుకొని 1990ల ఆరంభం నుంచి ప్రార్థనామందిరం నడుపుకుంటున్నాయి. వీరు మాదిగ సముదాయం నుంచి వచ్చినవారు. వారిని బేనే ఎఫ్రాయిం అంటారు. వారి వాదనను ఇజ్రాయెల్ మతాధికారులు గుర్తించలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై 2013లో గ్రంథం వెలువరించారు. అంటరానితనం నుంచి గౌరవం వెతుక్కున్న మనుషులు ఒక దూరదేశపు పవిత్ర చరిత్రలో తమ చోటు చూసుకున్న ఉదాహరణ ఇది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జెరూసలేం యాత్రికులకు ఆర్థిక సాయం ఇచ్చింది. 2019లో, వార్షికాదాయం 3 లక్షల లోపున్నవారికి దాన్ని 40,000 నుంచి 60,000 రూపాయలకు, అంతకు మించినవారికి 20,000 నుంచి 30,000 రూపాయలకు పెంచారు. హైదరాబాదు ముస్లింలు ప్రవక్త స్వర్గారోహణను స్మరించే షబ్-ఎ-మేరాజ్ రాత్రి జాగరణ చేస్తారు. రంజాన్ చివరి శుక్రవారం యౌముల్ ఖుద్స్ (జెరూసలేం దినం) పాటిస్తారు. ఇజ్రాయెల్‌లో వృద్ధుల సేవకు కేర్‌గివర్లుగా వెళ్లిన తెలుగువారు చాలామంది ఉన్నారు. తెలంగాణ వారు అక్కడ సంఘం పెట్టుకొని బతుకమ్మ ఆడుకుంటారు. 2024లో ఇజ్రాయెల్‌లో పనికి హైదరాబాదులో భవన నిర్మాణ కార్మికుల ఎంపిక కూడా జరిగింది.

ఇటీవలి కాలం, నేటి స్థితి

1987లో పాలస్తీనీయుల తొలి ప్రజా తిరుగుబాటు (ఇంతిఫాదా) మొదలైంది. 1993 సెప్టెంబరు 13న వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ ప్రధాని ఇట్జాక్ రబీన్, అరాఫత్ ఓస్లో ఒప్పందంపై చేతులు కలిపారు. 1995 నవంబరు 4న రబీన్‌ను ఒక యూదు ఛాందసుడు హత్య చేశాడు. 2000లో రెండో ఇంతిఫాదా, 2005లో గాజా నుంచి ఇజ్రాయెల్ నిష్క్రమణ, 2007లో అక్కడ పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ ఆధిపత్యం వరుస ఘటనలు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది ఇజ్రాయెల్ వాసులు, విదేశీయులు మరణించారు. 251 మంది బందీలయ్యారు. తరువాతి యుద్ధంలో గాజాలో పదుల వేల పాలస్తీనీయులు ప్రాణాలు కోల్పోయారు, నగరాలు శిథిలమయ్యాయి. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది.

నదికీ సముద్రానికీ నడుమ నేడు యూదులు, అరబ్బులు ఇంచుమించు సమసంఖ్యలో, చెరి డెబ్బై లక్షల వరకు ఉన్నారు. ఇజ్రాయెల్ జెరూసలేం మొత్తాన్ని రాజధానిగా ప్రకటించుకుంది. పాలస్తీనీయులు తూర్పు జెరూసలేంను తమ భావి రాజధానిగా కోరుతున్నారు. అల్ అఖ్సా ప్రాంగణాన్ని జోర్డాను ఆధ్వర్యంలోని వక్ఫ్ సంస్థ నిర్వహిస్తుండగా భద్రత ఇజ్రాయెల్ చేతిలో ఉంది. పడమటి గోడ వద్ద యూదులు, ప్రాంగణంలో ముస్లింలు, సమాధి చర్చిలో క్రైస్తవులు నిత్యం ప్రార్థిస్తారు. హిందుస్థానీ సత్రంలో భారత పతాకం ఎగురుతుంది.